బిస్మిల్లాహ్ తర్వాత అడగవలసిన ప్రశ్నలు



ఈ నెల మేము మా తప్పు ఒకటి ఒప్పుకొని మాట మొదలుపెడుతున్నాము. మూడేళ్ల క్రితం, మే నెలలో, ఒక వలీమా విందు నుండి మా మదరసాకు రెండు డేగ్‌ల బిర్యానీ వచ్చింది. అప్పటికి రాత్రి పది గంటలు దాటింది. పిల్లలు భోజనం చేసి, ఇషా నమాజు ముగించుకొని పడుకున్నారు. ఇంత అన్నం పారబోస్తే ఇస్రాఫ్ అవుతుందని, తెల్లవారి ఫజ్ర్ తర్వాత వేడి చేసి వడ్డించమని వంటమనిషికి మేమే చెప్పాము. జుహ్ర్ వేళకు 19 మంది పిల్లలు వాంతులు, విరేచనాలతో నీరసించిపోయారు. ఆటోలు పిలిపించి ఆసుపత్రికి చేర్చాము.

అక్కడ డాక్టరమ్మ మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగారు. "ఈ అన్నం ఎప్పుడు వండినారండీ?" మాకు తెలియదు. "వండినాక ఎన్ని గంటలు బయట ఉండింది?" తెలియదు. "మాంసం ఏ అంగడిలో తెచ్చినారు?" అదీ తెలియదు. ఆమె కలం పక్కన పెట్టి, కోపం లేకుండానే అడిగారు: "మరి తీసుకునేటప్పుడు మీరేమీ అడగలేదా సార్?"

అడిగాము. ఒకే ఒక ప్రశ్న అడిగాము. "జబహ్ చేసింది ఎవరు?" అని. నమ్మకమైన మనిషి పేరు చెప్పారు. మా మనస్సు కుదుటపడింది. అంతకు మించి అడగవలసినది ఏదైనా ఉందని మాకు తోచలేదు.

అల్లాహ్ దయవల్ల పిల్లలందరూ కోలుకున్నారు. అందరికంటే చిన్నవాడు, తొమ్మిదేళ్ల బాలుడు, మూడు రాత్రులు సెలైన్ మీద ఉన్నాడు. ఆ మూడు రాత్రులూ అతని మంచం పక్కన కూర్చొని మేము ఆలోచించిన విషయమే ఈ వ్యాసం.

హలాల్ పక్కన ఉన్న మాట

సూరా బఖర 168వ ఆయత్‌లో అల్లాహ్ మానవులందరినీ ఉద్దేశించి, భూమిపై ఉన్నవాటిలో ఎటువంటివి తినాలో తెలియజేశాడు. అక్కడ హలాల్ అన్న మాట ఒంటరిగా లేదు. దాని వెంటనే తయ్యిబ్ అన్న మాట ఉంది. ధర్మసమ్మతమైనదై ఉండాలి, పరిశుద్ధమైనదీ మేలైనదీ అయి ఉండాలి. ముప్పై ఏళ్లుగా ఈ ఆయత్‌ను పిల్లలకు బోధిస్తున్నాము. కానీ మా వంటింటి గడప దగ్గర మొదటి మాటను మాత్రమే అడిగి, రెండవ మాటను మరచిపోయాము. ఇది మా ఒక్కరి మరపు కాదని, మన ఇళ్లలో చాలా చోట్ల ఇదే జరుగుతున్నదని అనుకొనే ఇది వ్రాస్తున్నాము.

మన ప్రాంతంలో ఈ రెండవ ప్రశ్నకు ఉన్న బరువు మరెక్కడా లేదేమో. అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం. వేరుశనగ పంట పోయిన ఏడు రైతును నిలబెట్టేది గొర్రెల మంద. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కోటీ డెబ్బై లక్షలకు పైగా గొర్రెలున్నాయి. అవి ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో మనది ఒకటి. కరువు ఏట మేత ఉండదు. గొర్రె బక్కచిక్కుతుంది. చిటుక రోగం, పారుడు రోగం, నీలి నాలుక వంటివి మందల్లో చేరుతాయి. ఈ రోజో రేపో చచ్చిపోయేలా ఉన్న జీవాన్ని కాపరి వచ్చిన ధరకు అమ్ముకుంటాడు. అతని కష్టాన్ని మేము తప్పుపట్టడం లేదు. అయితే ఆ జీవం ఎవరి కత్తి కిందికి వచ్చింది, ప్రాణం ఉండగా వచ్చిందా, ప్రాణం పోయాక వచ్చిందా అన్నది ఎవరు చూశారు?

చచ్చిన జంతువు మాంసం హరాం అని మన ఇళ్లలో చిన్న పిల్లవానికి కూడా తెలుసు. సూరా మాయిదా మూడవ ఆయత్‌లో ఆ నిషేధం స్పష్టంగా ఉంది. కానీ చర్మం ఒలిచి, ముక్కలు కొట్టి, కొక్కేనికి వ్రేలాడదీసిన తర్వాత, అది ఎలా చచ్చిందో కొనేవానికి తెలిసే దారి లేదు. దొమ్మ రోగం సంగతే చూడండి. దానినే ఆంథ్రాక్స్ అంటారు. ఆ రోగంతో గొర్రె నిలబడిన చోటనే కూలిపోవచ్చు. ముక్కు నుండి గడ్డకట్టని రక్తం కారుతుంది. అలాంటి కళేబరాన్ని కోయనే కూడదు. కోసినవాని చేతికి పుండ్లు లేస్తాయి, తిన్నవాని ప్రాణానికే ముప్పు. ఆ క్రిమి బీజాలు మట్టిలో దశాబ్దాలు బ్రతికి ఉంటాయి. ఈ జబ్బును గుర్తించవలసినది పశువైద్యుడు. అతడు జీవాన్ని ప్రాణంతో ఉండగా ఒకసారి, కోసిన తర్వాత కాలేయం, ఊపిరితిత్తులు, గ్రంథులు తెరచి మరొకసారి చూస్తాడు. బాగున్నదని తేలితే ముద్ర వేస్తాడు.

ఆ ముద్రను మనం సర్కారు వారి తతంగమని అనుకుంటాము. ఆలోచించి చూడండి, అది ఒక సాక్ష్యం. ఈ జంతువు నా కళ్లముందు నడచి వచ్చింది, రోగం లేదు, చచ్చినది కాదు అని ఒక మనిషి చెప్పే సాక్ష్యం. అప్పు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు కూడా వ్రాతను, సాక్షులను కోరిన ధర్మం మనది. పిల్లల నోటికి అందించే ముద్దకు సాక్షిని అడగడం మనకు ఎందుకు బరువు కావాలి?

తనిఖీ మనకు కొత్తది కాదు

తనిఖీ అధికారి అంగడికి రాగానే, "వీళ్లు మన మీదికే వస్తారు" అన్న మాట మన బజార్లలో వినిపిస్తుంది. ఆ మాట వెనుక అనుభవాలు ఉండవచ్చు, వాటిని మేము కొట్టివేయము. కానీ తనిఖీ అన్నదే మనకు పరాయిదని తలచడం మన చరిత్రను మరవడమే.

మహాప్రవక్త ముహమ్మద్ (స) మదీనా బజారులో నడుస్తూ ఒక ధాన్యపు రాశి ముందు ఆగారు. చేయి లోపలికి పెట్టి చూస్తే పైన పొడిగా ఉన్న ధాన్యం అడుగున తడిగా తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త మందలించారు. మోసగించేవారికి తనతో సంబంధం లేదన్నారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉదంతాన్ని మేము నిజాయితీ పాఠంగా బోధిస్తాము. అది తనిఖీ పాఠం కూడా. ప్రవక్త (స) వర్తకుని మాట విని సరిపెట్టుకోలేదు, రాశి లోపలికి చేయి పెట్టి చూశారు.

తరువాతి కాలంలో ఈ పని హిస్బా అనే వ్యవస్థగా ఎదిగింది. దాని అధికారి ముహ్‌తసిబ్. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా బజారు పర్యవేక్షణను షిఫా బింత్ అబ్దుల్లాహ్ (రజి) అనే విద్యావతికి అప్పగించారని కొన్ని చరిత్ర గ్రంథాలు పేర్కొన్నాయి. 12వ శతాబ్దంలో సిరియాకు చెందిన షైజరీ, 14వ శతాబ్దపు తొలినాళ్లలో ఈజిప్టుకు చెందిన ఇబ్నుల్ ఉఖువ్వా ముహ్‌తసిబ్‌ల కోసం కరదీపికలు వ్రాశారు. అందులో కసాయి వారికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. అంగడి గుమ్మం ముందు జంతువును కోసి దారిని రక్తంతో మలినం చేయరాదు. తోలు ఒలిచిన మాంసంలోకి నోటితో గాలి ఊదరాదు, మనిషి ఊపిరి మాంసాన్ని చెడగొడుతుంది. మేకమాంసాన్ని గొర్రెమాంసంతో కలిపి అమ్మరాదు. కొనేవాడు గుర్తుపట్టేందుకు మేక తోకను చివరి ముక్క అమ్ముడయ్యే దాకా ఉంచాలి. రాత్రి అంగడి మూసేటప్పుడు మాంసం కొట్టే మొద్దు మీద ఉప్పు చల్లాలి, కుక్కలు నాకకుండా, పురుగులు ప్రాకకుండా. రొట్టెలకు పిండి పిసికేవాడు తుమ్మినా మాట్లాడినా తుంపరలు పడకుండా ముఖానికి గుడ్డ, చెమట జారకుండా నుదుటికి పట్టీ కట్టుకోవాలి. ఈగలు తోలడానికి పక్కన ఒక మనిషి ఉండాలి.

ఎనిమిది వందల ఏళ్ల నాటి ఈ నియమాలను చదివి, మన బజారులో మొద్దు మీద ముసిరే ఈగలను చూస్తే సిగ్గు వేసింది. నేటి అధికారి అడిగేది దాదాపు ఇదే. మన పెద్దలు ధర్మమని అడిగినదాన్ని, అతడు చట్టమని అడుగుతున్నాడు.

చట్టం ఏమి చెబుతుంది?

ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది, 2011 ఆగస్టు 5 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం చిన్న బండి నుండి పెద్ద హోటలు వరకు, ఆహారం అమ్మే ప్రతివారికీ నమోదో లైసెన్సో ఉండాలి. దానికి 14 అంకెల సంఖ్య ఉంటుంది, దాన్ని అంగడిలో కనబడేలా ప్రదర్శించాలి. 2001 నాటి కబేళా నియమాలు మరికొన్ని విషయాలు చెబుతాయి. చూడి జీవాన్ని, మూడు నెలలు నిండని పిల్లను, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదు. పశువైద్యుడు ఆరోగ్యంగా ఉన్నదని ధ్రువీకరించాలి. ఒక వైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించరాదు. ఒక జంతువు కళ్లముందు మరొకదాన్ని కోయరాదు. జంతువు చూస్తుండగా కత్తి నూరుతున్న మనిషిని ప్రవక్త (స) మందలించిన హదీసు తెలిసినవారికి ఈ చివరి నియమం కొత్తగా తోచదు.

ఈ చట్టం అంగడివారికి కొన్ని హక్కులను కూడా ఇచ్చింది. అవి తెలియకనే మనవారు భయపడుతున్నారు. లోపాలు కనబడితే సరిదిద్దుకోమని నోటీసు ఇవ్వవచ్చు, అందుకు కనీసం 14 రోజుల గడువు ఇవ్వాలి. ప్రజారోగ్యానికి తక్షణ ప్రమాదం ఉంటేనే వెంటనే మూసివేసే చర్య. అధికారి నమూనా తీసుకుంటే దాని వెల చెల్లించాలి. దాన్ని నాలుగు భాగాలు చేయాలి, ఒక భాగాన్ని గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపమని అంగడి యజమాని కోరవచ్చు. సరైన కారణం లేకుండా వేధించేందుకు సరుకు జప్తు చేసిన అధికారికి లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. అన్యాయం జరిగిందనుకొనే సోదరుడు కేకలు వేయడం కన్నా ఈ కాగితాలు అడగడం మేలు.

తనిఖీ మన అంగళ్లకే పరిమితమన్నది కూడా నిజం కాదు. 2024లో హైదరాబాదులో తెలంగాణ ఆహార భద్రతా శాఖ బృందాలు పేరుమోసిన హోటళ్ల వంటిళ్లలోకి కూడా వెళ్లి, గడువు దాటిన సరుకులను, మురికిని బయటపెట్టాయి. అదే ఏడాది అక్టోబరులో అక్కడ వీధిబండి మీది మోమోలు తిన్న పలువురు జబ్బుపడి, ఒక మహిళ మరణించింది. ఆ తర్వాత పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఆ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు, ఏ కోడి ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్న రాష్ట్రమంతటా వినిపించింది. లెక్క ఉన్న అంగడివాడు ధైర్యంగా జవాబు చెప్పగలిగాడు.

నీళ్లెక్కడివి, హజ్రత్?

ఇదంతా మేము ఒక జుమా బయాన్‌లో చెప్పాము. నమాజు ముగిశాక మాంసం అంగడి నడిపే ఒక సోదరుడు మా చేయి పట్టుకొని అంగడికి తీసుకువెళ్లాడు.

"హజ్రత్, మీరు చెప్పినవన్నీ నిజమే. ఒక్కటి చూడండి," అని మూలన ఉన్న నీలం డ్రమ్ము చూపాడు. "ఈ డ్రమ్ము నీళ్లతోనే మొద్దు కడగాల, కత్తులు కడగాల, చేతులు కడగాల. కొళాయి వచ్చే దినం వస్తుంది, రాని దినం రాదు. ఎండాకాలంలో ట్యాంకరు కొనాల. కబేళాకు తోలుకొని పోదామంటే ఊరికి ఆ కొసన ఉంది, ఆడా నీళ్లు లేవు. ఆఫీసరు వచ్చి శుభ్రం లేదంటాడు. నీళ్లెక్కడివి హజ్రత్?"

మా వద్ద జవాబు లేదు. వుజూకు నీళ్లు లేకపోతే తయమ్ముమ్ ఉంది. మాంసం కొట్టే మొద్దుకు తయమ్ముమ్ లేదు.

అందుచేత ఒక మాట పాలకులకు కూడా చెప్పాలి. నీరు, మురుగు కాలువ, చల్లని గది, రోజూ వచ్చే పశువైద్యుడు ఉన్న కబేళాను ఇవ్వకుండా, అంగళ్లకు తాళాలు మాత్రం వేసుకుంటూ పోతే అది సగం తనిఖీ. ముహ్‌తసిబ్ బజారును సరిదిద్దడానికి ఉండేవాడు, పేదవాని కూడు తీయడానికి కాదు. అయితే కొళాయి వచ్చే దాకా జనానికి మలినం పెట్టే హక్కు మనకు లేదు. ఇతరులకు హాని కలిగించరాదన్న ప్రవక్త (స) సూత్రం నీళ్లు ఉన్న ఊరికీ లేని ఊరికీ ఒక్కటే.

ఆ సోదరుడు, మేము, మస్జిద్ కమిటీ పెద్దలు కలసి కూర్చున్నాము. ఆయన డ్రమ్ముకు అడుగున కొళాయి బిగించాడు. చెంబు ముంచడం మానాడు, సగం నీరు మిగిలింది. అంగడికి ఈగలు రాని జాలీ కట్టాడు. వేలాడే మాంసాన్ని ఎండ నుండి లోపలికి జరిపాడు. అమ్ముడుపోయేంత మాంసమే కోయడం మొదలుపెట్టాడు. నమోదు చేయించుకొని ఆ సంఖ్యను గోడకు తగిలించాడు. రాత్రి మొద్దును గీకి, కడిగి, ఉప్పు చల్లుతున్నాడు. షైజరీ పేరు ఇప్పుడు ఆయనకు తెలుసు. కబేళాకు నీటి కోసం కమిటీ తరఫున వినతిపత్రం ఇచ్చాము. ఆ నీరు ఇంకా రాలేదు. మేము అడగడం మానలేదు.

గృహిణులకు, పెద్దలకు ఒక మనవి

మాంసం కొనేటప్పుడు జబహ్ ఎవరు చేశారని తప్పక అడగండి. దానితో పాటు ఎప్పుడు, ఎక్కడ చేశారు, పశువైద్యుని ముద్ర ఉందా అని కూడా అడగండి. మరీ చవకగా దొరికే మాంసాన్ని అనుమానించండి. ఇంటికి రాగానే వండండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి. మన మే నెల ఎండలో రెండు గంటలు చాలా ఎక్కువ. పచ్చిమాంసం కోసిన పలక మీద, కడగకుండా కూరగాయలు తరగవద్దు. వండిన అన్నాన్ని రాత్రంతా మూతపెట్టి ఉంచి, ఉదయం వేడి చేసి పిల్లలకు పెట్టవద్దు. అన్నంలో ఉండే కొన్ని క్రిమి బీజాలు ఉడికినా చావవు. అవి విడిచిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. మా మదరసాలో జరిగినది ఇదే కావచ్చునని డాక్టరమ్మ వివరించారు.

ఇస్రాఫ్ భయంతోనే మేము ఆ తప్పు చేశాము. అన్నం వ్యర్థం కావడం వలీమా పెద్ద కొలత తప్పి వండించినప్పుడే మొదలైందని, దాన్ని మా పిల్లల కడుపులతో సరిచేయాలని చూశామని ఇప్పుడు అర్థమైంది. విందులు చేసే సోదరులారా, మదరసాకు పంపదలచినదాన్ని వడ్డనకు ముందే, వేడిగా, పగటి పూట పంపండి. రాత్రి మిగిలినది సదకా కాదు.

ఇక ఖుర్బానీ సంగతి. బక్రీద్ నాడు మనమే జీవాన్ని పరీక్షిస్తాము. కన్ను చూస్తాము, కాలు చూస్తాము, పళ్లు చూస్తాము. స్పష్టంగా రోగమున్నదీ, కుంటిదీ, గుడ్డిదీ, ఎముకల గూడైనదీ ఖుర్బానీకి చెల్లదని హదీసు నేర్పింది. అల్లాహ్ పేర ఇచ్చేదాన్ని ఇంత జాగ్రత్తగా చూసే మనం, మిగిలిన రోజులలో అల్లాహ్ దాసుల కంచాలలోకి వెళ్లేదాన్ని చూడకుండా వదిలివేయడం తగునా? ఆ రోజున రక్తాన్ని, పేగులను కాలువలో, వీధి చివర పారవేయక, గుంత తీసి పూడ్చండి, లేదా పురపాలక బండికి అప్పగించండి. మన ఖుర్బానీ పొరుగువారి ముక్కుకు బాధ కారాదు.

మా మదరసా వంటింటి తలుపు మీద ఇప్పుడొక పలక ఉంది. ఏ ఇంటి నుండి ఆహారం వచ్చినా, ఎవరు జబహ్ చేశారు, ఎక్కడ కొన్నారు, ఎప్పుడు వండారు, ఎప్పుడు చేరింది అని నాలుగు గడులు నింపాకే వడ్డన. ఏదైనా గడి ఖాళీగా ఉంటే వడ్డించము. ఒకరిద్దరు దాతలు నొచ్చుకున్నారు. క్షమాపణ చెప్పుకున్నాము, పలకను మాత్రం తీయలేదు. ఆనాడు మూడు రాత్రులు సెలైన్ మీద ఉన్న బాలునికి ఇప్పుడు పన్నెండేళ్లు, హిఫ్జ్ చేస్తున్నాడు. ఆ గడులు నింపే పని అతనికే అప్పగించాము. గంట దగ్గర అనుమానం వస్తే మమ్మల్ని కూడా ఆపుతాడు.

మన కంచాలలో హలాల్‌ను, తయ్యిబ్‌ను కలిపి ఉంచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.